పబేడాన్‌లో కొండరాక్షసుడు

అరుణశ్రీ మంచును ఎప్పుడూ చూడలేదు. పుట్టి ఇరవై ఏడేళ్లయినా, పాతవాళ్లు రంగం అనే యాంగోన్ దాటి వెళ్లింది రెండేసార్లు. ఒకసారి బగో, ఒకసారి మాండలే. రెండు చోట్లా మాడు పగిలే ఎండ. అలాంటి పిల్లకి నార్వే, స్వీడన్ వైపు జానపద కథల పుస్తకానికి ముప్పై బొమ్మలు వేసే పని దొరికింది.

పని ఇచ్చినావిడ డో ఖిన్ ఏ. పధ్నాలుగేళ్లు నార్వేలో ఉండి, అక్కడి ముసలమ్మల నోట విన్న కథలన్నీ బర్మీస్‌లో రాసుకుని తిరిగొచ్చిన మనిషి. యాంగోన్‌లోనే చౌక్తడా పేటలో ఒక పాత మేడలో పిల్లల పుస్తకాలు అచ్చు వేయిస్తుంటుంది. అరుణశ్రీ అప్పటివరకూ వేసినవల్లా శుభలేఖల మీద వినాయకుళ్లు, దుకాణాల బోర్డుల మీద ఎండుమిరపకాయలు. ఒకరోజు ఆమె నాన్న హరినాథ్ నడిపే మసాలా దినుసుల కొట్టుకి జీలకర్ర కోసం వచ్చిన డో ఖిన్ ఏ, బోర్డు మీది మిరపకాయని చూసి, "దీనికి ఎంత పొగరుందో! ఎవరు వేశారు?" అని అడిగింది. అలా కుదిరింది పని.

మొదటి ఐదు బొమ్మలూ ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, జూలై వానలో తడుస్తూ వెళ్లింది అరుణశ్రీ. డో ఖిన్ ఏ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక్కొక్కటే చూసింది. చూసి, ఐదూ దొంతరగా సర్ది తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

"మా అరుణా, ఈ ట్రోల్‌ని ఎక్కడ చూశావు?"

ట్రోల్ అంటే ఆ దేశాల కథల్లో కొండగుహల్లో ఉండే రాక్షసుడు. చెట్టంత ఎత్తు, దబ్బకాయంత ముక్కు, నెత్తి నిండా నాచు. పొద్దుటి ఎండ ఒంటి మీద పడిందంటే రాయైపోతాడు.

"ఫోన్‌లో చూశానండీ."

"అందుకే ఇతను ఎవరికీ ఏమీ కాడు. అక్కడి పల్లెవాళ్లకి ట్రోల్ అంటే పక్కింటాయన లాంటివాడు. ఆయన గొంతు తెలుసు, అడుగుల చప్పుడు తెలుసు. పొద్దున లేస్తే ఆయనకి ఎదురుపడక తప్పదు. నువ్వు ఎవరికి భయపడతావు? వెళ్లి ఆయన్ని వెయ్యి."

ఏడుపు ఒక్కటే తక్కువగా అరుణశ్రీ తాముండే పబేడాన్ పేట చేరింది. వాళ్ల మేడకి మెట్లు నిచ్చెన నిలబెట్టినట్టు ఉంటాయి. ఆయాసపడుతూ మూడో అంతస్తు దాకా వచ్చేసరికి దారికి అడ్డంగా జగదీశ్వరరావుగారు నిలబడి ఉన్నారు. డెబ్బై మూడేళ్ల మనిషి. తెలుగు సంఘానికి పదిహేనేళ్లుగా ఆయనే ప్రెసిడెంటు. ఒకప్పుడు రేవులో గోదాముల మీద సూపర్‌వైజరు. అక్కడ కూలీల మీద అరిచిన గొంతునే ఇప్పుడు మేడలో వాళ్ల మీద వాడుతుంటారు.

"ఏటే అరుణా! కరెంటొచ్చి పది నిమిషాలైపోనాది. నీళ్ల మోటారు ఎవులేత్తారు? మీ నాన్నేత్తాడా, నానేసుకోవాలా?"

"నాకు తెల్దు తాతగారూ."

"తెల్దు! ఈ మేడలో ఎవులికీ ఏటీ తెల్దు! కుళాయి ఎండిపోతే మాత్రం అందరికీ తెలిసిపోతాది!"

మామూలుగా అయితే అరుణశ్రీ తల వంచుకుని గోడ వారగా జారుకునేది. ఆ రోజు తలెత్తి చూసింది. ఆ ముక్కు! కొండ కొసలా ముందుకు పొడుచుకొచ్చి, చివర కాస్త వంగి ఉంది. కనుబొమలు పొదలు. చెవుల్లోంచి కూడా ఒక చిన్న అడవి బయటికొస్తోంది. కింది పెదవి మీద వాన నిలిచేలా ఉంది.

"ఏటలగ సూత్తన్నావు? గాలి గానీ సోకినాదేటి?"

"లేదండీ. మోటారు నేనేసేత్తాను" అని ఒక్క పరుగున పైకి వెళ్లింది.

మోటారు వెయ్యలేదు. బొమ్మ వేసింది. చీకటి పడే లోపల కాగితం నిండా ట్రోల్ కూర్చున్నాడు. నెత్తి మీద దేవదారు చెట్లు, కుడి చెవిలో పిట్టగూడు, పెదవి మీద చిన్న మడుగు, మడుగులో బాతు. అరుణశ్రీ చున్నీ నోట్లో కుక్కుకుని, మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. పక్కగదిలోంచి హరినాథ్, "అమ్మాయ్, కడుపునొప్పేటి?" అని అడిగాడు.

ఆ బొమ్మ చూసి డో ఖిన్ ఏ లేచి వెళ్లి టీ తెప్పించింది. ఆవిడ దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

ఇక అరుణశ్రీకి పట్టపగ్గాల్లేవు. వీధి మొదట్లో ఇడ్లీల బండి పెట్టుకున్న చిలకమ్మ, చెరువంత గంగాళంలో గంజి కలియబెట్టే ట్రోల్ పెళ్లామైంది. భజనల్లో హార్మోనియం వాయించే దండాసి, పగలంతా సైక్కా అనే సైకిల్ రిక్షా తొక్కే మనిషి, జలపాతం కింద కూర్చుని ఫిడేలు వాయిస్తూ బాటసారుల్ని నీళ్లలోకి పిలిచే నీటిభూతమయ్యాడు. ఆ దేశాల్లో పశువులసాలలో ఎర్రటోపీ పెట్టుకున్న మరుగుజ్జు దేవత ఒకడుంటాడట. తన గంజిలో వెన్న ముద్ద వెయ్యకపోతే మూడు రోజులు అలుగుతాడట. అన్నంలో నెయ్యి తక్కువైతే అలిగే మనిషి అరుణశ్రీ ఇంట్లోనే ఉన్నాడు. హరినాథ్‌కి ఎర్రటోపీ భలే కుదిరింది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? బర్మీస్ పిల్లల పుస్తకం. పబేడాన్‌లో ఇడ్లీలు అమ్మేవాళ్లూ మసాలాలు అమ్మేవాళ్లూ దాన్ని ఎందుకు చూస్తారు?

మంచు దగ్గరే వచ్చింది చిక్కు. "మంచు తెల్లగా ఉండదు, మా అరుణా. లోపల నీలం ఉంటుంది. అడుగు వేస్తే మాట్లాడుతుంది" అంది డో ఖిన్ ఏ. ఆ మాట అరుణశ్రీ ఇడ్లీల బండి దగ్గర నిలబడి చెప్పుకుని వాపోతుంటే, పక్కనే టీ తాగుతున్న దండాసి విన్నాడు.

"దానికింత బెంగేటి? బోటాటౌంగ్ రేవులో సేపలకేసే ఐసు ఆడతారు గదా. కొండలా పోసుంటాది. పద, తీసుకెల్తాను."

"నానూ ఒత్తాను. రొయ్యలు తెచ్చుకోవాల" అని చిలకమ్మ బండి మీద గుడ్డ కప్పేసింది.

సైక్కాలో ఇద్దరూ వీపుకి వీపు ఆనించి కూర్చున్నారు. అరుణశ్రీ ముందుకి చూస్తూ, చిలకమ్మ వెనక్కి చూస్తూ. సందుల్లోంచి సందుల్లోకి తొక్కుకుంటూ దండాసి నది ఒడ్డుకి చేర్చాడు. అక్కడ ఒక రేకుల షెడ్డులో దూలాల్లాంటి ఐసు దిమ్మల్ని మిషన్‌లోకి తోస్తున్నారు. ఇటు పక్క నుంచి పొడి జల్లుగా ఎగిరి గుట్టగా పడుతోంది. అరుణశ్రీ చెప్పులు విప్పి అందులోకి అడుగు పెట్టింది. కసక్ మంది. రెండో అడుగు వేసింది. మళ్లీ కసక్ మంది.

"అత్తా! మాట్లాడుతోంది! మంచు మాట్లాడుతోంది!"

"ఏదీ, నాతోటి మాటాడమను" అంటూ చిలకమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి గుట్ట ఎక్కింది. రెండడుగులు ఎక్కిందో లేదో కాలు జారింది. ఎనభై కిలోల మనిషి వెల్లకిలా పడి, పై నుంచి కింద దాకా జర్రున జారి వచ్చి, చేపల గంపల దగ్గర ఆగింది.

"ఓలమ్మో! ఓలమ్మో! సచ్చిపోనాను!"

దండాసి పరిగెత్తాడు. చిలకమ్మ కళ్లు తెరిచి, చుట్టూ చూసి, దోసెడు ఐసు తీసి దండాసి మెడలో పోసింది. "మళ్లీ ఎక్కుతాను" అంది.

ఆ తరవాత పావుగంట ఏం జరిగిందో ముగ్గురిలో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. బూట్లు వేసుకున్న ఐసు పనివాళ్లు కూడా ఉండలు చేసి విసరడం మొదలుపెట్టారు. అరుణశ్రీ బుగ్గలకి పూసుకున్న తనాఖా చందనమంతా కరిగి మెడ దాకా కారింది. ఎవరో "యజమాని వస్తున్నాడు" అని అరిస్తే అందరూ ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయారు. పళ్లు టకటకలాడుతుంటే ముగ్గురూ టీకొట్లో కూర్చుని తలో మూడు కప్పుల టీ తాగారు. రొయ్యలు కొనడం మరిచిపోయారు. ఆ వారంలో అరుణశ్రీ పదకొండు మంచు బొమ్మలు వేసింది.

డిసెంబరులో పుస్తకం వచ్చింది.

కొట్లో పసుపు పొట్లాలు కడుతున్న హరినాథ్ దగ్గరికి దండాసి సైక్కా దిగకుండానే దూసుకొచ్చాడు. నవ్వుతో అతనికి ఊపిరి అందడం లేదు.

"హరినాత్ బాబూ! పెసిడెంటుగారు... చౌక్తడాలో... మేడ మీంచి ఏలాడుతన్నారు!"

హరినాథ్ చేతిలోని పసుపు డబ్బా కింద పడింది. "ఏలాడుతన్నారా! ఓరి బగమంతుడా! పొద్దున బాగానే ఉన్నారు గదరా!"

"మనిసి కాదు బాబూ, మొకం! ఎనిమిదడుగుల మొకం! నెత్తి మీద సెట్లు!"

కొట్టు వెనక నుంచి అరుణశ్రీ మెల్లగా బయటికి వచ్చింది. ఆమె వాలకం చూడగానే హరినాథ్‌కి సగం అర్థమైంది. డో ఖిన్ ఏ ట్రోల్ బొమ్మనే అట్ట మీద వేసి, దాన్నే పెద్ద వినైల్ బ్యానరుగా చేయించి మేడ ముఖాన కట్టించింది. అరుణశ్రీ గల్లా పెట్టె కింద దాచిన పుస్తకం తీసి నాన్న చేతికిచ్చింది. ఆయన పసుపు వేళ్లతో పేజీలు తిప్పాడు. ప్రెసిడెంటుగారు. చిలకమ్మ. దండాసి. తరవాత, ఖాళీ గిన్నె ముందు మూతి ముడుచుకుని కూర్చున్న ఎర్రటోపీ.

"ఇది... నానా?"

"కొంచెం."

"నాకింత పొట్టుందేటే?"

ఆయన ఒకసారి పొట్ట కేసి చూసుకున్నాడు, ఒకసారి బొమ్మ కేసి. ముందు ముక్కుతో నవ్వాడు. తరవాత భుజాలు కదిలాయి. ఆఖరికి లవంగాల బస్తా మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. అంతలో ప్రెసిడెంటుగారు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"ఆయన సూసినాడంటే మేడలో మనకి నీల్లుండవు."

చూడకుండా ఎలా ఉంటాడు? రోజూ పొద్దున ఆయన నడకకి వెళ్లే దారి అదే. మర్నాడు హరినాథ్, అరుణశ్రీ, చిలకమ్మ, దండాసి నలుగురూ ఆయన వెనక వంద అడుగుల దూరంలో నడిచారు. జగదీశ్వరరావుగారు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ నడుస్తూ బ్యానరు కింద ఆగిపోయారు. తలెత్తారు. బస్సులు పోతున్నాయి, టాక్సీలు పోతున్నాయి, ఆయన కదలడం లేదు. అరుణశ్రీ నాన్న మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరే దండాసీ! నువ్వెనకాల ఒత్తన్నావని నాకు తెలుసు. ఇలగ రా. ఈ మొకం ఎవులిదిరా?"

దండాసి దగ్గరికొచ్చి, బొమ్మ కేసి చూస్తూ తల గోక్కున్నాడు.

"గుర్తు పట్నేవేటి? మన కన్నారావుదే! అచ్చం ఆడే! ఆ ముక్కు సూడు, ఆ సెవులు సూడు! ఎవులేసినారో గాని, మనిసిని దింపేసినార్రా!"

కన్నారావు వీధి చివర బంగారం పని చేసే ఆయన. ప్రతిసారీ సంఘం ఎన్నికల్లో జగదీశ్వరరావుగారి మీద పోటీ చేసి ఓడిపోతాడు. ఆయన ముక్కు చిన్నగా, చదునుగా, ఉందో లేదో అన్నట్టు ఉంటుంది.

చిలకమ్మ చీర చెంగు మొత్తం నోట్లో పెట్టేసుకుంది. హరినాథ్ చెప్పు తెగినట్టు కిందికి వంగి, వంగినవాడు లేవలేదు. అరుణశ్రీ గోడ వైపు తిరిగి నుదురు ఆనించింది. జగదీశ్వరరావుగారు మాత్రం హుషారుగా మేడ ఎక్కి మనవరాలి కోసం ఒక పుస్తకం కొని, దారి పొడవునా "కన్నారావు! హహ్హ! నెత్తి మీద సెట్లు!" అనుకుంటూ ఇంటికి వెళ్లారు.

రెండు రోజులు వీధంతా ఒక్కటే నవ్వు. పొట్లాలు కట్టేవాళ్లు నవ్వారు, టీ పోసేవాళ్లు నవ్వారు. జగదీశ్వరరావుగారు ఎదురైనప్పుడల్లా అందరికీ ఒక్కసారిగా దగ్గు వచ్చేది. ఇంత దగ్గు ఎందుకొస్తోందని ఆయన సంఘం తరఫున మిరియాల కషాయం కూడా పంచిపెట్టించారు.

మూడో రోజు ఆయన మనవరాలు జయంతి, ఆరేళ్ల పిల్ల, పుస్తకం ఒళ్లో పెట్టుకుని అట్ట మీది ముక్కు మీద వేలు పెట్టింది. ఆ వేలే తీసి తాత ముక్కు మీద పెట్టింది. "తాత" అంది. ఆయన కాదన్నారు. పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని అద్దం దగ్గరికి తీసుకెళ్లింది, పుస్తకం ఆయన చెంపకి ఆనించి పట్టుకుంది. ఆ అద్దం ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారని ఆయన భార్య అచ్చమ్మ తరవాత చెప్పింది. బొమ్మలు వేసిందెవరో పుస్తకం మీది పేరు పిల్ల చేతే చదివించారట.

సాయంత్రం మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. హరినాథ్ తింటున్న అన్నం వదిలి లేచి నిలబడ్డాడు. గుమ్మంలో జగదీశ్వరరావుగారు, చంకలో పుస్తకం.

"అమ్మాయేదీ?"

అరుణశ్రీ వచ్చి చేతులు కట్టుకుంది. "తప్పైపోయింది తాతగారూ. మీరు చూస్తారనుకోలేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పుస్తకం ఆమె ముందు పెట్టారు.

"ఈడి కత సదువు. నాకు బర్మా మాటొచ్చు గాని అచ్చరాలు రావు. మొకం నాదైనప్పుడు, నానేటి సేసినానో నాకు తెలవాల గదా."

అరుణశ్రీ చదువుతూ తెలుగులో చెప్పింది. కొండలో ఒంటరిగా ఉండే ట్రోల్‌కి ఒక సాయంత్రం కింది పల్లెలోంచి పాట వినిపిస్తుంది. పాలు పితుకుతూ ఒక రైతుపిల్ల పాడుతోంది. ఆ పాట తనకీ నేర్పమని ట్రోల్ కొండ దిగి వస్తాడు. వాడి భయానికి ఆ పిల్ల సరే అని, ఒక్కో చరణం నేర్పుతూ కూర్చుంటుంది. వాడికి ఆఖరి చరణం ఎంతకీ నోరు తిరగదు. మళ్లీ, మళ్లీ అంటుంటాడు. అంతలో తెల్లారిపోతుంది, ఎండ పడుతుంది, నోరు తెరిచినవాడు తెరిచినట్టే రాయైపోతాడు. ఇప్పటికీ గాలి వీస్తే ఆ రాతి నోట్లోంచి సగం పాట వినిపిస్తుందట.

చదవడం అయిపోయింది. జగదీశ్వరరావుగారు నేల కేసి చూస్తున్నారు.

"పాట నేర్సుకుందారని ఒచ్చినాడు."

"అవునండీ."

"ఎవులినీ తిన్నేదు. ఎవులినీ కొట్నేదు."

"లేదండీ."

"మరి ఆడిని రాయి సేసెత్తారా?"

"కథ అలాగే ఉంది తాతగారూ."

"ఆ కత బాగోనేదు!" అని ఒక్క అరుపు అరిచారు. బాల్కనీలో పావురాలన్నీ లేచిపోయాయి. అరుణశ్రీ ఒక్కడుగు వెనక్కి వేసింది. ఆయన లేచి నిలబడ్డారు. "ఆదివారం మన హాల్లో పిల్లలందరికీ ఈ కత సెప్పు. ఆ అమ్మనీ పిలు, పుత్తకం రాసినామెని. ట్రోల్ మాటలు నాను సెప్తాను. మొకం నాదైతే నోరూ నాదే!"

హరినాథ్ కుర్చీలో కూలబడ్డాడు. తిట్లు తినకుండా బతికి బయటపడ్డానన్న ఆనందంలో ఆ పూట నెయ్యి అడగడం కూడా మరిచిపోయాడు.

ఆదివారం నాలుగు గంటలకి సంఘం హాలు నిండిపోయింది. ముందు వరసలో చాపల మీద నలభై మంది పిల్లలు. తెలుగు తరగతిలో ఏమడిగినా బర్మీస్‌లో జవాబిచ్చే పిల్లలే అందరూ. కుర్చీలో డో ఖిన్ ఏ, పక్కన ఆవిడకి మాటలు చెప్పడానికి హరినాథ్. కరెంటు లేదు. తలుపులు మూస్తే చీకటి, పడమటి కిటికీ తెరిస్తే ఎండ. తెల్లవారడానికి అంతకంటే ఏం కావాలని అరుణశ్రీ కిటికీ గడియ దగ్గర నిలబడింది.

రైతుపిల్లగా చిలకమ్మ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, రెండు జడలు, రిబ్బన్లు. ఇడ్లీ గిన్నె ముందు కూర్చుని పాలు పితకడం మొదలుపెట్టగానే పిల్లలు కిచకిచమన్నారు. వాళ్లమ్మ గంజాం నుంచి తెచ్చుకున్న పాటొకటి ఎత్తుకుంది. అప్పుడు వెనక నుంచి నేల అదిరింది. ఒంటికి గోనెపట్టా, నెత్తి మీద అచ్చమ్మ కట్టిన తూటికూర కట్టలు రెండు, చేతిలో రోకలి.

"ఎవులే అక్కడ పాడతన్నాదీ!"

పిల్లలు సగం మంది వెనక్కి దొర్లారు, సగం మంది పక్కవాళ్ల మీద పడ్డారు. చిలకమ్మకి నిజంగానే ఒణుకు పుట్టింది. పాట నేర్పడం మొదలైంది. ట్రోల్ ఒక ముక్క సరిగ్గా అంటే రెండు ముక్కలు తప్పు. "కాదు, కాదు!" అని ఒక పిల్ల అరిచింది. ట్రోల్ ఆ పిల్ల వైపు తిరిగి, "మరెలగే?" అని గద్దించాడు. ఆ పిల్ల పాడి చూపించింది, తెలుగులో. ఇంకోసారి తప్పాడు. ఈసారి పదిమంది దిద్దారు. ఆఖరి చరణానికి వచ్చేసరికి నలభై మందీ మోకాళ్ల మీద లేచి, గొంతులు చించుకుని ట్రోల్‌కి పాఠం చెబుతున్నారు.

అరుణశ్రీ గడియ తీసింది.

బంగారు ఎండ జగదీశ్వరరావుగారి ముఖం మీద సూటిగా పడింది. ఆయన చెయ్యి గాలిలో, నోరు తెరిచి, అలాగే బిగుసుకుపోయారు. తూటికూర ఆకు ఒకటి రాలింది. చాప మీంచి జయంతి గొంతు సన్నగా వినిపించింది: "తాతా, రాయైపోకు."

ట్రోల్ ఒక కన్ను మూశాడు, తెరిచాడు. మెడ తిప్పాడు. గభాలున ముందుకొచ్చి డో ఖిన్ ఏ కుర్చీకి ఆనించి ఉన్న, పతీన్ ఊళ్లో చేసిన గొడుగు లాక్కుని టప్పున తెరిచాడు. ఎర్రటి గొడుగు నీడ ఆయన ముఖం మీద పడింది.

"మా రంగంలో ఎండకి ఎవులైనా రాయైపోతారేటి? గొడుగేసుకుంటారు!"

అని ఆ గొడుగు కిందే, ఆఖరి చరణం ఒక్క ముక్క తప్పకుండా పాడుకుంటూ, పిల్లల మధ్య నుంచి నడిచి వెళ్లిపోయారు. నలభై మందీ కేకలు వేస్తూ ఆయన వెంట పడ్డారు. చిలకమ్మ జడలు ఊడిపోయేలా గెంతింది. డో ఖిన్ ఏకి హరినాథ్ ఆ మాట చెప్పడం పూర్తికాకముందే ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని నవ్వుతోంది. "పధ్నాలుగేళ్లు," అంది కళ్లు తుడుచుకుంటూ, "పధ్నాలుగేళ్లున్నాను అక్కడ. పాపం ఆ ట్రోల్‌కి ఒక్క గొడుగిద్దామని ఎవరికీ తోచలేదు."

గుమ్మం దగ్గర కన్నారావు అరుణశ్రీని ఆపాడు. ఆయన నవ్వడం లేదు.

"ముప్పై బొమ్మలేసినావు. ఒక్కదాన్లో నన్నెయ్యనేదేటమ్మా?"

అరుణశ్రీ ఒక్క క్షణం తడబడింది. "వేశాను బాబయ్యా. పదిహేడో బొమ్మలో రాజకుమారుడి పక్కన ఉన్నారు."

కన్నారావు చేతిలోని పుస్తకం పేజీలు గబగబా తిప్పాడు. పదిహేడో బొమ్మలో రాజకుమారుడి పక్కన గుర్రం ఉంది. ఆయన దాన్ని తేరిపార చూశాడు. "కల్లు రెండూ బాగేసినావు" అన్నాడు మెత్తబడి.

ఆ మర్నాటి నుంచి పబేడాన్‌లో ఒక కొత్త ఆట మొదలైంది. మేడల మీంచి వీధిలోకి గంటల తాళ్లు వేలాడుతుంటాయి; కింద నుంచి తాడు లాగితే పై ఇంట్లో గంట మోగుతుంది. బడి వదలగానే పిల్లలు వచ్చి జగదీశ్వరరావుగారి తాడు లాగి, గోడ చాటున నక్కేవారు. మూడో అంతస్తు బాల్కనీలోంచి "ఎవులే అక్కడ!" అని వీధి దద్దరిల్లేది. పిల్లలు కెవ్వున అరిచి పారిపోయేవారు, మళ్లీ వచ్చేవారు. నాలుగు కొట్టిందంటే ఆయన తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారని, మధ్యాహ్నం నిద్ర కూడా మానేశారని అచ్చమ్మ అందరికీ చెప్పింది.

జనవరిలో ఒకరోజు ఆయనకి గొంతు పట్టేసింది. వేడినీళ్లు పుక్కిలిస్తున్నారు. కింద గంట మోగింది. ఆయన లేవబోయారు, మాట పెగల్లేదు. గంట మళ్లీ మోగింది. అచ్చమ్మ కూరగాయల పీట పక్కకి తోసి, చేతులు చెంగుకి తుడుచుకుని బాల్కనీలోకి నడిచింది. యాభై ఏళ్ల కాపురంలో ఆవిడ గొంతు వీధిలో ఎవరూ విన్నది లేదు.

అచ్చమ్మ రెయిలింగు పట్టుకుని ఊపిరి నిండా పీల్చింది.

ఆ అరుపుకి నాలుగో అంతస్తులో అరుణశ్రీ చేతిలోని కుంచె జారిపోయింది. ఇడ్లీల బండి దగ్గర చిలకమ్మ గరిట వదిలేసింది. పిల్లలు ఈసారి వీధి చివరి దాకా ఆగకుండా పరిగెత్తారు. లోపల జగదీశ్వరరావుగారు వేడినీళ్ల గ్లాసు పట్టుకుని, నోరు తెరిచి, భార్యనే చూస్తూ ఉండిపోయారు.